కళ్ళం మీద భవనం

తంగేడుపాయ,
3 ఫిబ్రవరి 2025.

అమ్మాయ్ యామినీ,

మామయ్య ఆశీస్సులు. నీకు ఒంగోలులో ఉద్యోగం వచ్చిందని మొన్న మీ అమ్మ వచ్చినప్పుడు నా పలక మీద రాసి చూపించింది. మా చెల్లెలి సంగతి నీకు తెలుసు కదా, ఏదీ ఒక ముక్కలో చెప్పదు. పలక నిండితే చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి, చీరకొంగంతా సుద్ద చేసుకుంది. ఔట్‌సోర్సింగ్ అయితేనేం, సర్కారు ఆఫీసు, అందులోనూ కళాకారుల సెక్షన్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే పని. మన ఇంట్లో ఒకరికి ఫ్యాను కింద కూర్చునే యోగం పట్టింది. సంతోషం.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మార్కాపురం పలకల గనిలో ఇరవై రెండేళ్ళు తూటాలు పేల్చి, చెవులు అక్కడే వదిలి వచ్చినవాడిని. నాకు ఫోను ఎందుకు? ఇంట్లో ఎవరైనా నాతో మాట్లాడాలంటే పలక అందుకోవాలి. మీ అత్త అయితే తిట్లు కూడా రాసే తిడుతుంది. అక్షరదోషాలతో సహా.

ఇక అసలు విషయం. మన చెక్కభజన కళ్ళం గుర్తుందా? నూర్పిళ్ళు మిషన్ల పాలయ్యాక ఊరి కళ్ళం ఖాళీగా పడి ఉంటే మా గురువు దాన్ని భజన నేర్పడానికి తీసుకున్నాడు. ఆయన తర్వాత నేను. నలభై ఏళ్ళుగా ఏటా ఎర్రమట్టి, పేడ కలిపి పోసి, దిమ్మిసతో కొట్టి, అలికి, పదహారు మందిమి తొక్కి తొక్కి గట్టిపరిచిన నేల అది. చెవులు పోయాక నాకు దరువు అరికాళ్ళలోంచే వస్తోంది. మధ్యలో ఒట్టి కాళ్ళతో నిలబడితే చాలు, చుట్టూ చెక్కలు వాయిస్తూ ఆడేవాళ్ళలో ఎవడి అడుగు వెనకబడిందో నేలే చెబుతుంది. చిన్నప్పుడు నువ్వూ మా మధ్యలో దూరి ఎగిరేదానివి. నీ ఎడమ మడమ ఎప్పుడూ అర దరువు ఆలస్యం. ఇప్పటికీ అంతే అయ్యుంటుంది.

ఏటా వానకు ఆ నేల కోసుకుపోతోంది. మాకు మట్టి మోసే ఓపిక తగ్గిపోతోంది. మీ సెక్షన్ వాళ్ళు కళాకారులకు ఏదో సాయం చేస్తారట కదా. మేము అడిగేది ఒక్కటే. నాలుగు పక్కల నాలుగు స్తంభాలు, పైన రేకులు. నేల మాత్రం ముట్టుకోవద్దు. అంతకు మించి ఒక్క మేకు కూడా వద్దు.

నువ్వు కూర్చున్న చోటు నుంచి ఇది అయ్యే పనేనా? కాకపోతే కాదని రాయి, నేనేమీ అనుకోను.

నీ మామయ్య,
గురవయ్య


ఒంగోలు,
15 ఫిబ్రవరి 2025.

మామయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకు వస్తే అందరూ చుట్టూ మూగి చూశారు. ఇన్‌లాండ్ లెటర్ ఇంకా దొరుకుతుందా అని ఒకరు, ప్రేమలేఖా అని ఒకరు. మా మామయ్య తిట్టబోయే ముందు రాసిన ఉత్తరం అన్నాను.

ఫ్యాను కింద యోగం అన్నారు. ఆ ఫ్యాను తిరగదు మామయ్యా. మా సెక్షన్ వరండాలో కళాకారులు పొద్దున్నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని కూర్చుంటారు. నిన్న యర్రగొండపాలెం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పగటివేషాలు కడతాడట. కళాకారుడని ఋజువేదని మా గుమస్తా అడిగితే కాగితాలు లేవన్నాడు. "అయితే ఇక్కడే ఏదన్నా చేసి చూపించు" అన్నాడు టిఫిన్ డబ్బా విప్పుకుంటూ. ఆ పెద్దాయన చేశాడు. వీళ్ళు తింటూ నవ్వారు. నాకు అన్నం సయించలేదు. డబ్బా మూసేసి ఇంటికి తెచ్చుకుంటే అమ్మ తిట్టింది.

మీ పని మాత్రం అవుతుంది. మా సూపరింటెండెంట్ మురళీధర్ గారితో మాట్లాడాను. మార్చి ముప్పై ఒకటిలోపు మంజూరు చేసేయాల్సినవి కొన్ని మిగిలిపోయాయట, మంచి సమయంలో అడిగావు అన్నారు. మీ అర్జీ నేనే కంప్యూటర్‌లో ఎక్కించాను. మీ ఊరి గ్రామసభకు కాగితం వస్తుంది. మీరు సంతకం చేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

అత్తకు చెప్పండి, నా మడమ గురించి మీరు రాసింది అబద్ధమని.

మీ మేనకోడలు,
యామిని


తంగేడుపాయ,
10 మార్చి 2025.

అమ్మాయ్,

నువ్వు సామాన్యురాలివి కాదు. నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. గ్రామసభలో సంతకం పెట్టాను. పెట్టి, అందరికీ టీలు కూడా నేనే ఇప్పించాను. మన తాత కాలం నుంచి ఈ ఊరు అడగగా అడగగా వచ్చింది ఒక్క బోరింగు, అదీ పడమటి పేటకు. ఈ రేకులు మాత్రం నా మేనకోడలు ఒక్క ఉత్తరంతో తెప్పించిందని చెప్పుకుంటూ తిరిగాను. మీ అత్త పలక మీద "గొప్పలు చాలు" అని రాసింది.

మొన్న ఇద్దరు వచ్చి టేపు పట్టి కొలిచారు. సున్నంతో గీతలు గీసి వెళ్ళారు. ఒక్క చిన్న అనుమానం. గీతలు కళ్ళం చుట్టూ కాకుండా మధ్యలోంచి కూడా పోతున్నాయి. స్తంభాలు అంచుల్లో కదా రావాలి? నేను నిలబడే చోట గీత ఎందుకు? ఒక్కసారి మీ పెద్దాయనను అడిగి రాయి.

నవమికి కొత్త వరస నేర్పుతున్నాను. కుర్రాళ్ళు గిద్దలూరు నుంచి కొత్త గజ్జెలు తెచ్చారు. రేకుల కింద ఆడబోతున్నామని వాళ్ళ హుషారు చూడాలి.

గురవయ్య


ఒంగోలు,
22 మార్చి 2025.

మామయ్యా,

గబగబా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మార్చి నెలంటే ఇక్కడ అందరికీ దయ్యం పట్టినట్టుంది. పన్నెండు గంటలకు తక్కువ కూర్చోవడం లేదు.

గీతల గురించి దిగులు వద్దు. అది ఎత్తుపల్లాలు చూసుకోవడానికి గీసింది అయ్యుంటుంది. మురళీధర్ గారు మీకు అలాగే రాయమన్నారు. నవమి బాగా జరపండి. నేను రాలేను.

యామిని


తంగేడుపాయ,
10 ఏప్రిల్ 2025.

యామినీ,

ఈసారి ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. అరికాళ్ళ కింద నేల అదిరింది. ఒక్కసారి కాదు, ఆగి ఆగి. కళ్ళం పగటిపూట పలుకుతోందేమిటా అనుకున్నాను. చూడు నా పిచ్చి. సగం గడ్డంతో పరిగెత్తేసరికి జేసీబీ దాని మీదెక్కి ఉంది.

నేల పెచ్చులు పెచ్చులుగా లేచింది. అంచున పొరలు కనపడ్డాయి. ఏ పొర ఏ ఏడు వేసిందో నాకు తెలుసు. కరువేడు వేసింది పలచగా ఉంది. మా గురువు వేసింది అన్నిటికన్నా అడుగున నల్లగా ఉంది. దాన్ని కూడా పళ్ళతో గీరి బయట పోశాడు. నేను అడ్డం నిలబడితే డ్రైవరు నోరు తెరిచి అరిచాడు. నా దగ్గర అరిచి ఏం లాభం? పంచాయతీ సెక్రటరీ పరిగెత్తుకొచ్చి నా పలక లాక్కుని రాశాడు, "మీరు అడిగిందే" అని.

నేను అడిగింది ఇదా?

కూలికి వచ్చినవాళ్ళలో మన కృపావరం కూడా ఉన్నాడు. చర్చి పేటలో ఉంటాడే, నా ఈడువాడు, ఏటా మాకు దిమ్మిస కొట్టి పెట్టేవాడు. ఆ నేలను కొట్టి గట్టిపరిచిన చేతులతోనే పార పట్టి మట్టి ట్రాక్టర్లకెత్తి ఎటో తోలించాడు. నన్ను చూసి కూడా ఆగలేదు. కూలి ఇస్తే తల్లి సమాధి కూడా తవ్వేటట్టున్నాడు. వాడి మొహం చూడనని చెప్పి పంపాను.

మేము గొడుగు అడిగితే మీరు కాళ్ళు తీసేశారు. ఇది నీకు ముందే తెలుసా? తెలిసే గీతల గురించి అట్లా రాశావా? ఆ మాటొక్కటి రాయి.

గురవయ్య


ఒంగోలు,
19 ఏప్రిల్ 2025.

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి అమ్మ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను.

గ్రామసభ తీర్మానం కాపీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. "పాత కళ్ళమును చదును చేసి, బేస్‌మెంటు ఎత్తి, టైల్స్ పరిచి కళాకారుల భవనము నిర్మించుటకు భజన బృందము వారి పూర్తి అంగీకారముతో." దాని కింద మొదటి సంతకం మీది. మీ "గు" నాకు తెలియదా? మూడు కాపీల మీదా పెట్టారు. అంత ప్రాణమైన నేల అయితే చదవకుండా ఎలా పెట్టారు? అందరికీ టీలు ఇప్పించానని నాకు రాసింది మీరే కదా.

ఇక్కడ నేను ఒక్కదాన్నే మీ ఊరి పేరు పట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగాను. భవనం వచ్చిందని ఎగిరి గంతేశాను. మీకు తెలిసే ఒప్పుకున్నారనుకున్నాను. ఇప్పుడు నేనే దొంగనయ్యానా?

యామిని


తంగేడుపాయ,
2 మే 2025.

యామినీ,

ఎలా పెట్టానో చెబుతాను.

గ్రామసభలో ముప్పై మంది ఉన్నారు. సెక్రటరీ కాగితం పట్టుకుని చదివాడు. నాకు పెదాలు కదలడం తప్ప ఏం తెలుస్తుంది? చదవడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అందరూ తల ఊపారు, నేనూ ఊపాను. చెవిటివాడు అన్నిటికీ తల ఎందుకు ఊపుతాడో నీకు తెలియదు. ఒకసారి "ఏంది?" అంటే చెబుతారు. రెండోసారి అంటే విసుక్కుంటారు. మూడోసారికి పక్కవాడి వైపు చూసి నవ్వుతారు. ఆ నవ్వు చూడలేక తల ఊపడం అలవాటయింది. ఇరవై ఏళ్ళ అలవాటు.

నా పలక నా చేతిలోనే ఉంది. దాని మీద ఆ రోజు రెండే మాటలు రాశారు. "యామిని పంపింది. సంతకం."

మొదటి మాట చూశాక నేను రెండోదాని కోసం ఆగలేదు.

భవనం అని ఎవరో పుట్టించారు కదా. నేను రాసింది రేకులు. నువ్వు ఎక్కించిందీ రేకులే అయ్యుంటే, మధ్యలో దాన్ని భవనం చేసిన వెధవ ఎవడో కనుక్కో. నాకు ఆ పేరు కావాలి.

గురవయ్య


ఒంగోలు,
14 మే 2025.

మామయ్యా,

ఆ పేరు యామిని.

మీ ఉత్తరం వచ్చి వారం అయింది. ప్రతిరోజూ రాయాలని కూర్చుని లేచాను. ఆ దరఖాస్తులో మూడు గళ్ళుంటాయి. భవనం, వాయిద్యాలు, దుస్తులు. నాలుగోది లేదు. రేకుల పందిరికి ఏది నొక్కాలని మురళీధర్ గారిని అడిగితే ఆయన నవ్వారు. "రేకులంటే ఎవరొస్తారమ్మా రిబ్బన్ కట్ చెయ్యడానికి? భవనం అని పెట్టు. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు." నేను పెట్టాను. స్థలం ఎక్కడని ఉన్న చోట కళ్ళం సర్వే నంబరు కొట్టాను. ఇంకో స్థలం వెతకాలన్న ఆలోచన కూడా రాలేదు. తర్వాత ఎవరూ ఏమీ మార్చలేదు. ఇక్కడ తర్వాత అనేది రాదని నాకు అప్పటికి తెలియదు.

గీతల గురించి నేను ఆయనను అడగనే లేదు. అడిగితే ఏం చెబుతారో అని భయపడి, అడిగినట్టు మీకు రాశాను.

ఇంకో మాట దాచను. భవనం అనగానే నాకు లోపల సంతోషం కూడా వేసింది. మా మామయ్యకు రేకులేమిటి, గోడ మీద పేరు ఉన్న భవనమే రావాలి అనుకున్నాను. నేల సంగతి మీరు అంత స్పష్టంగా రాస్తే, దాన్ని పెద్దవాళ్ళ చాదస్తం కింద తీసేశాను. నా మీద నాకే రోత పుడుతోంది. ఈ ఆఫీసులో నాలుగు నెలలకే వీళ్ళలా తయారయ్యాను.

తిట్టండి. రాయకుండా మాత్రం ఉండకండి.

యామిని


తంగేడుపాయ,
30 జూన్ 2025.

యామినీ,

ఉత్తరం చేరింది. మీ అత్త క్షేమం. గేదె ఈనింది, దూడ బాగుంది. వానలు మొదలైనాయి.

గురవయ్య


ఒంగోలు,
8 సెప్టెంబరు 2025.

మామయ్యకు,

మీ కార్డు వచ్చి రెండు నెలలు దాటింది. నాలుగు ముక్కలే అయినా దాచుకున్నాను. దూడ ఎలా ఉంది?

ఈ ఉత్తరం రాయడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తున్నాను. భవనం పూర్తయిందట, ఇరవయ్యో తారీఖున ప్రారంభం. పెద్దలు వస్తున్నారు. బృందం లోపల చెక్కభజన చేస్తున్న ఫొటో లేకపోతే ఫైలు మూయడానికి వీల్లేదట. మీరు భవనం వైపు తొంగి కూడా చూడడం లేదని ఊరి నుంచి కబురు వచ్చింది. మురళీధర్ గారు నన్ను పిలిచి, "మీ మామయ్యే కదా, నువ్వు చెబితే రాడా?" అన్నారు. తర్వాత నవ్వుతూ, "నీ రెన్యువల్ కాగితం కూడా నా టేబుల్ మీదే ఉంది" అన్నారు.

అమ్మ నా దగ్గరే ఉంటోందని మీకు తెలుసు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఇవన్నీ రాసి మిమ్మల్ని రమ్మనడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. రాకపోయినా నేను ఒక్క మాట అనను. నిజంగా అనను.

యామిని


తంగేడుపాయ,
25 సెప్టెంబరు 2025.

యామినీ,

వెళ్ళాను. మీ అమ్మ కోసమే వెళ్ళాను. నీ కోసం కాదని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం.

భవనం ఎట్లా ఉందో చెబుతాను, మీ ఫైలులో ఎక్కదు. మరుగుదొడ్లలో వేసే తెల్ల టైల్స్ పరిచారు, వాటి మీద నీలం పువ్వులు. కిటికీలకు అద్దాలు బిగించారు, రెక్క తెరుచుకోదు. ఒక మూల బ్లీచింగ్ బస్తాలు, ఇంకో మూల చక్రం ఊడిన చెత్తబండి. ఆ రోజుకు వాటి మీద టెంటు గుడ్డ కప్పారు. గుడ్డ కప్పితే కంపు ఆగుతుందా? గోడ మీద పాలరాతి పలక పెట్టారు. దాని మీద తొమ్మిది పేర్లున్నాయి. భజన చేసేవాడి పేరు ఒక్కటీ లేదు. మా గురువు పేరైనా ఉంటుందేమోనని రెండుసార్లు చదివాను.

పదింటికి వస్తామన్నవాళ్ళు రెండున్నరకు వచ్చారు. బడిపిల్లలను అప్పటిదాకా ఎండలో నిలబెట్టారు. ఒక పిల్ల కళ్ళు తిరిగి పడితే నీళ్ళు చల్లి మళ్ళీ వరసలోనే నిలబెట్టారు. స్పీకరు డబ్బాల్లో పాట పెట్టారట, నాకు గుండెలో గుద్దినట్టు తెలిసింది. చెక్కభజన పాటేనట, ఎక్కడో రికార్డు చేసింది. మేము పదహారు మందిమి గజ్జెలు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నాం. ఉపన్యాసాలు మూడు జరిగాయి. ఆ ఒక్క విషయంలో గని నాకు మేలు చేసింది.

తర్వాత సన్మానం. నా భుజాల మీద ఒక శాలువా కప్పి ఫొటో తీశారు. దిగగానే ఒకడు దాన్ని లాగి, మడిచి, నా వెనకవాడికి కప్పడానికి పెద్దాయన చేతికి అందించాడు. ఐదుగురికి ఒకటే శాలువా. ఐదోవాడి దగ్గర నుంచి కూడా తీసుకుని కారులో వేసుకున్నారు. నాకు చలేమీ లేదు గానీ, ఒంటి మీద బల్లి పాకి పోయినట్టు ఇప్పటికీ ఉంది. వచ్చి రెండు చెంబులు పోసుకున్నాను.

అప్పుడు లోపల ఫొటో. మిగతా పదిహేను మంది గుండ్రంగా నిలబడ్డారు. నేను మధ్యలో. చెక్కలు కదిలాయి. నేను అరికాళ్ళతో విన్నాను. ఏమీ లేదు యామినీ. చల్లగా, జారుడుగా, చచ్చిన చేప మీద నిలబడినట్టు ఉంది. కుర్రాళ్ళ మొహాలు చూసి దరువు ఊహించుకుని అడుగు వేశాను. వాళ్ళు వలయం ఎడమకు తిప్పారు, నేను కుడికి పడ్డాను. నలభై ఏళ్ళలో నా కాలు తప్పడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే మీ ఫొటోగ్రాఫరు నొక్కాడు. నొక్కి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వాళ్ళు పోయాక చూస్తే కొత్త గోడ మీద గుట్కా ఉమ్ములు, టైల్స్ మీద బిర్యానీ ఎముకలు. సెక్రటరీ తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సాధనకు కావాలంటే అర్జీ పెట్టుకోవాలట.

ఇంకొక సంగతి రాయాలి, రాయకపోతే పాపం. కృపావరం ఆరోజు సాయంత్రం ఇంటికి వచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. వాడు కదల్లేదు. పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాడు. "అన్నా, మట్టి యాడికీ పోలేదు. ఆరు ట్రాక్టర్లూ చర్చి ఎనక దిబ్బ పోయించినా. అప్పుడు చెప్తే నువ్వు ఇనే తట్టు లేవు." ఏప్రిల్ నుంచి వాడు ఎదురైతే ఉమ్మేసి పక్కకు తిరిగాను. మీ అత్త వాడికి టీ ఇచ్చింది. నేను వాడి కాళ్ళు పట్టుకోబోతే పలక అడ్డం పెట్టాడు.

నీ కాగితం మీద సంతకం అయిందా?

గురవయ్య


ఒంగోలు,
15 అక్టోబరు 2025.

మామయ్యా,

రెన్యువల్ అయింది. ఆ కాగితం చేతికి వస్తే ముట్టుకోబుద్ధి కాలేదు.

మీ ఫొటో నిన్న నా కంప్యూటర్‌లోకి వచ్చింది. ఆఫీసు తరఫున కొత్త ఏడాది క్యాలెండర్ వేస్తున్నారు, "పల్లె కళలకు కొత్త ఊపిరి" అని. జనవరి పేజీ తంగేడుపాయ. పదిహేను మంది ఎడమ కాళ్ళూ ఒకే ఎత్తులో లేచి ఉన్నాయి. మధ్యలో మీరు ఒక్కరే కుడి కాలు ఎత్తి, చెయ్యి గాల్లో ఆసరా వెతుక్కుంటూ ఉన్నారు. మీ మొహం పెద్దది చేసి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. మీరు భయపడ్డ మొహం నేను పుట్టాక చూడలేదు.

మురళీధర్ గారు వెనక నిలబడి చూసి అన్నారు, "మధ్యలో ఆ ముసలాయన స్టెప్పు తప్పాడమ్మా. పేజీ పాడైపోతుంది. ఆయన్ని తీసేసి ఆ చోట టైల్స్ నింపెయ్. కింద పేరు మాత్రం గురవయ్య బృందం అనే ఉంచు, రికార్డులో అదే ఉంది."

ఆయన మా మామయ్య అన్నాను. "తెలుసు, అందుకే నీకిచ్చాను, జాగ్రత్తగా చేస్తావని" అన్నారు. ఎగతాళికి కాదు. నిజంగానే మెచ్చుకుంటూ అన్నారు. దానికే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

నెలాఖరు లోపు ఇవ్వాలి. పది నిమిషాల పని. మీ చేతి చివర దాకా వచ్చి ఆపేశాను. కుర్చీ వదిలి వచ్చేద్దామని ఉంది. అమ్మకు ఇంకా చెప్పలేదు. మీరు ఎలా చెబితే అలా చేస్తాను. ఈసారి మీ ఉత్తరం రెండుసార్లు చదివి, అక్షరం తప్పకుండా చేస్తాను.

యామిని


తంగేడుపాయ,
27 అక్టోబరు 2025.

అమ్మాయ్ యామినీ,

మామయ్య ఆశీస్సులు.

కుర్చీ వదలకు. నన్ను తీసెయ్. శుభ్రంగా, ఒక్క వేలు కూడా మిగలకుండా తీసెయ్. ఆ టైల్స్ మీద నేను ఉన్నానా అసలు? నాకు దరువు తెలియని చోట నేను లేనట్టే. వాళ్ళ క్యాలెండర్ మొత్తంలో నిజం అదొక్కటే అవుతుంది, అదీ నీ చేత్తో.

అయితే ఒక్కటి. కింద నా పేరు కూడా తీసెయ్. అంత పని చేసి నా పేరు పెట్టుకుంటామంటే కుదరదు. వాళ్ళు ఒప్పుకోకపోతే ఏం చేస్తావో నీ ఇష్టం, కానీ ఈసారి అడగకుండా అడిగానని మాత్రం రాయకు. ఆ ఒక్క అబద్ధానికే నాకు నీ మీద ఇంకా కొంచెం కోపం ఉంది. తీర్మానం సంగతి, నేను తల ఊపాను, నువ్వు గడి నొక్కావు. సగం సగం.

చర్చి వెనక కృపావరం స్థలం చదును చేశాడు. ఆ ఆరు ట్రాక్టర్ల మట్టిలో గులకరాళ్ళు, జేసీబీ నూనె కలిశాయి. వాడి భార్య దీనమ్మ, మీ అత్త, ఇంకో పది మంది ఆడవాళ్ళు కూర్చుని వారం రోజులు ఏరారు. "చర్చి అయ్యగారు ఒప్పుకున్నాడా?" అని నేనడిగితే దీనమ్మ పలక మీద రాసింది, "మేం కూడా ఆడేటట్టయితే ఒప్పుకుంటాడంట. మా పాటలు మాయి, మీ పాటలు మీయి. అడుగులు ఒకటే గదా బావా." ఇప్పుడు ఇరవై మూడు మందిమి ఉన్నాం. అర్జీ ఎవరికీ పెట్టలేదు. రేకులు అడగము. మీ వాళ్ళ కళ్ళల్లో పడకుండా ఉంటే అదే పదివేలు.

మొన్న మొదటిసారి మధ్యలో నిలబడ్డాను. నీకు అబద్ధం రాయను. నేల ఇంకా పచ్చి. అంతమంది తొక్కినా నాకు ఏమీ అందలేదు. ఎక్కడో లోపల ఏదో కదిలినట్టు అనిపించింది, అది నా కోరికే అయ్యుంటుంది. ఈ నేల పలకాలంటే నాలుగైదేళ్ళు తొక్కాలి. నాకు అరవై తొమ్మిది. అప్పటిదాకా ఉంటానో లేదో తెలియదు. ఆ జేసీబీ నా నుంచి తీసుకుపోయింది ఆ నాలుగైదేళ్ళు. అవి ఏ దరఖాస్తులోనూ తిరిగి రావు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

అందుకని ఎక్కువ కాళ్ళు కావాలి. నీకు సెలవెప్పుడు? శనివారం సాయంత్రం బస్సెక్కితే ఆదివారం అంతా తొక్కొచ్చు. చెప్పులు కంభం బస్టాండులోనే వదిలేసినా ఫరవాలేదు. నేను మధ్యలో నిలబడి ఉంటాను. పలక తీసుకురాను, నువ్వూ ఏమీ రాయొద్దు. నీ ఎడమ మడమ అర దరువు ఆలస్యంగా పడుతుంది కదా, ఈ నేలలో నాకు ముందుగా తెలిసేది అదే అయ్యుంటుంది.

నీ మామయ్య,
గురవయ్య